కొలత మీది, మోడలు షాపుది

ఊరి పేరులోనే కోకను దాచుకున్న కోకాపేట నుంచి ఈ వారం ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. పెళ్ళయిన కొత్తలో షాపులో కొన్న పోచంపల్లి ఇక్కత్ ఫ్రాకంటే ఆమెకు ప్రాణం. బాబు పుట్టాక ఛాతీ 36 అంగుళాల నుంచి 40కి వచ్చింది. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోవచ్చింది, వచ్చే నెల ఆఫీసుకు వెళ్ళాలి. షాపులో ఇప్పుడా మోడలు లేదట. "అద్దం ముందు నిలబడితే ఏడుపొస్తోందక్కా" అని రాసింది.

ఏడుపెందుకమ్మా? బిడ్డను కన్న ఒళ్ళు మారకుండా ఉంటుందా? దిద్దుకోవలసింది కాగితం కటింగును, మిమ్మల్ని కాదు.

చాలామంది ఉన్న ఫ్రాకును కాగితం మీద పరిచి, చుట్టూ అంగుళం పెంచి గీసేస్తారు. ఛాతీతో పాటు భుజాలూ పెరిగి ఫ్రాకు జారిపోతుంది. ఒళ్ళు చేసింది ఛాతీ దగ్గర గాని భుజం ఎముక దగ్గర కాదు కదా! అందుకని ఇప్పుడు మీకు చక్కగా పట్టే కమీజు కటింగు నుంచి ఫిటింగు తీసుకోండి. షాపు ఫ్రాకు నుంచి మోడలు మాత్రం తీసుకోండి. దాని కుట్లు విప్పనక్కర్లేదు.

యోకు: కటింగులో ఛాతీ దగ్గర ఒక్కో మడత 12 అంగుళాలు ఉందేమో చూడండి. 40లో నాలుగో వంతు 10, వదులుకు 1, పక్క కుట్టుకు 1. ఫ్రాకు యోకు పొడవు 12 ఉందని అదే పెట్టకండి. నిండైన ఛాతీ మీద కుట్టు పైకి లాగేస్తుంది. భుజం నుంచి ఛాతీ మీదుగా కిందికి టేపు పెట్టి కొలవండి. 13½ వస్తే ముందు భాగం మధ్యలో ఒకటిన్నర అంగుళం దించి, పక్క కుట్టు దగ్గర పాత గీతలో కలిపేయండి. వీపు భాగం ముట్టుకోవద్దు.

కుచ్చులు: ఫ్రాకులో ముందు యోకు అంచు 18, కింది ఘేరు 27 ఉంటే ఒకటిన్నర రెట్లన్నమాట. మీ యోకు అంచు 20 అయితే ఘేరు 30 పెట్టండి. కుట్టుకు వేరే వదలండి.

పట్టీ: షాపువాళ్ళు పెట్టనిది మనం పెట్టుకుందాం. మెడ నుంచి కిందికి 7 అంగుళాల పట్టీ వేసి గుండీలు కుట్టండి. 50 మంది, అంతకు పైన పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి రావచ్చనీ 2017 నుంచి చట్టంలో ఉంది. బాబుకు పాలివ్వడానికి ఈ పట్టీ ఎంతో వీలు.

గుడ్డ 44 అంగుళాల పన్నా అయితే 3 మీటర్లు చాలు. ముందే నీళ్ళలో తడిపి ఆరేసి ఇస్త్రీ చేయండి. ఇక్కత్‌లో నూలుకే ముడులు కట్టి రంగులద్ది తర్వాత నేస్తారు. కాబట్టి ఎడమా కుడీ పువ్వు కలిసేలా చూసి కోయండి. అంతకంటే ముందు పాత నూలు చీర ముక్క మీద యోకు ఒక్కటీ కుట్టి వేసుకు చూడండి.

చివరగా ఒక్క మాట. 2023 వేలంలో మీ కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటింది. అయినా పక్క కుట్టులో అంగుళం గుడ్డ వదలడానికి మాత్రం లోభించకండి! ఒళ్ళు రేపు తగ్గినా పెరిగినా ఆ అంగుళమే మిమ్మల్ని ఆదుకుంటుంది.