రెండు ఎండల నడుమ వలస కార్మికుడు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాకూ, యూనివర్సిటీ సిటీకీ మధ్య దూరం ఎక్కువేమీ కాదు. మొదటిచోట గ్యారేజీలు, వెల్డింగు షాపులు, గిడ్డంగులు, ఒక్కొక్క గదిలో పలువురు సర్దుకొని నివసించే లేబర్ క్యాంపులు ఉన్నాయి. రెండవచోట 1997లో స్థాపితమైన షార్జా విశ్వవిద్యాలయం, అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ షార్జా ఉన్నాయి. చెమటోడ్చే తెలుగువాడు మొదటిచోట ఉన్నాడు. అతని జీవితాన్ని శాస్త్రీయంగా పరిశీలించగల సాధన సంపత్తి రెండవచోట ఉన్నది. ఈ రెండింటినీ కలపవలసిన బాధ్యత ప్రవాసాంధ్ర కుటుంబాలలోని విద్యాధికులైన యువతీయువకులదే.

వలసను గురించిన పరిశోధన మనదేశంలో లేకపోలేదు. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో కె.సి. జకరియా, ఎస్. ఇరుదయ రాజన్ ప్రభృతులు 1998లో కేరళ వలస సర్వేను ప్రారంభించారు. అది పలుమార్లు పునరావృతమై, 2023లోనూ జరిగింది. ఎందరు వెళ్ళారు, ఎందరు తిరిగివచ్చారు, ఎంత ధనం పంపారు అన్న ప్రశ్నలకు మలయాళీల వద్ద పాతికేళ్ళ లెక్క ఉన్నది. కరీంనగర్, నిజామాబాదు, కడప, గోదావరి, శ్రీకాకుళం ప్రాంతాలనుండి వేలకొలదిగా గల్ఫు చేరిన తెలుగువారికి అంతటి సుదీర్ఘమైన లెక్క లేదు. అయితే జనసంఖ్య, ధనసంఖ్య తెలిసినంతమాత్రాన వలస స్వరూపం పూర్తిగా బోధపడదు. దానికి పర్యావరణమనే మరొక పార్శ్వం కూడా ఉన్నది.

తీవ్రమైన వేడిలో మనిషి దేహం ప్రధానంగా చెమట ఆవిరి కావడంవల్లనే చల్లబడుతుంది. గాలిలో తేమ అధికమైనచో చెమట కారుతుందే గాని ఆరదు. అందుచేత శాస్త్రజ్ఞులు తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకం చూపే ఉష్ణోగ్రతను ప్రమాణంగా తీసుకుంటారు. ఈ శతాబ్దం చివరినాటికి గల్ఫు తీరంలోని కొన్ని నగరాలలో అది 35 డిగ్రీల హద్దును దాటవచ్చునని జెరెమీ పాల్, ఎల్ఫాతిహ్ ఎల్తాహిర్ అనే శాస్త్రజ్ఞులు 2015లో హెచ్చరించారు. ఆరోగ్యవంతులైన యువకులకు సైతం అసలు హద్దు 31 డిగ్రీలు, లేదా అంతకన్న తక్కువే అని 2022లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగపూర్వకంగా చూపారు.

యు.ఏ.ఇ. ప్రభుత్వం ఈ విషయంలో నిర్లిప్తంగా లేదు. 2005 నుండి వేసవిలో మధ్యాహ్నపు పనిని నిషేధించే నిబంధన అమలులో ఉన్నది. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు, 12.30 నుండి 3 గంటల దాకా బహిరంగ ప్రదేశాలలో నేరుగా ఎండలో పని చేయించరాదు. ఇది ప్రశంసనీయమే. కాని ఇండస్ట్రియల్ ఏరియాలో చాలా పనులు రేకుల షెడ్ల క్రింద జరుగుతాయి. నెత్తిన ఎండ లేకపోయినా రేకు వేడి, వెల్డింగు వేడి, కదలని గాలి అక్కడ ఉండనే ఉన్నాయి. ఆ షెడ్డు లోపల తడి ఉష్ణమాపకం ఎంత చూపుతున్నది? రాత్రి గదిలో దేహం తేరుకొనేటంత చల్లదనం లభిస్తున్నదా? ఇవి ఒక స్నాతకోత్తర విద్యార్థి ఒక్క వేసవిలో కొలవగల విషయాలు.

ఇటువంటి పరిశోధన నిరుపయోగమని భావించేవారు నేపాలీల ఉదాహరణను గమనింపవలెను. 2009-2017 మధ్య కతార్‌లో మరణించిన 1,354 మంది నేపాలీ కార్మికుల వివరాలను పరిశీలించిన అధ్యయనం 2019లో 'కార్డియాలజీ' పత్రికలో వెలువడింది. హృద్రోగ మరణాలుగా నమోదైన 571లో 200 దాకా, ఎండనుండి తగిన రక్షణ ఉండి ఉంటే నివారింపబడేవని అది అంచనా వేసింది. కేవలం 'గుండె ఆగింది' అని వ్రాసిన కాగితానికి వెనుక కారణమేమిటో వెదికినవారు ఉండబట్టే ఈ సంగతి లోకానికి తెలిసింది.

తెలుగువారి సమస్య మరింత జటిలమైనది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఏళ్ళతరబడి ప్రజలను పీడిస్తున్నది. దాని మూలకారణం ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. ఎండలో కాయకష్టం, తగినంత నీరు త్రాగకపోవడం మూత్రపిండాలకు హాని చేయగలవని మధ్య అమెరికా చెరకు కార్మికులపై జరిగిన అధ్యయనాలు సూచిస్తున్నాయి. ఉద్దానం యువకుడొకడు షార్జాలో కొన్నేళ్ళు పనిచేసి జబ్బుపడితే, ఆ జబ్బు ఊరిదా, ఈ ఎండదా? ఊరిలో మాత్రమే పరిశీలించేవారు చెప్పలేరు. ఇక్కడ మాత్రమే పరిశీలించేవారూ చెప్పలేరు. బయలుదేరకముందు ఒకసారి, ప్రతి వేసవి తరువాత ఒకసారి, తిరిగి వెళ్ళాక మరొకసారి అదే మనిషిని పరీక్షించినపుడే నిజం తేలుతుంది.

ఉత్తర తెలంగాణలో ప్రశ్న మరొక రూపు దాల్చుతుంది. బోర్లు ఎండి అప్పులపాలైన రైతు గల్ఫుకు వస్తాడు. అతను పంపిన డబ్బు అప్పు తీర్చిందా, లేక మరింత లోతైన బోరుగా మారి పొరుగువాని నీటినీ లాగిందా? ఈ చక్రం ఎక్కడ తెగుతుందో కనుగొనడం అర్థశాస్త్రానికీ భూగర్భజల శాస్త్రానికీ ఉమ్మడి పని.

ఈ పరిశోధనవల్ల కార్మికుల ఉద్యోగాలకు ముప్పు రావచ్చుననే సందేహం సహజమే. అందుకే అనుమతులు పొందడం, పేర్లు గోప్యంగా ఉంచడం, కార్మికుని సమ్మతిని అతని భాషలోనే తీసుకోవడం అత్యవసరం. సిరిసిల్ల యాసలో, సోంపేట యాసలో అడిగితే వచ్చే జవాబు ఆంగ్ల ప్రశ్నావళికి రాదు. తెలుగు విద్యార్థికి ఇక్కడ ఉన్న అధిక యోగ్యత అదే.

పిల్లలు ఇంజనీర్లు, వైద్యులు కావాలని కోరుకోవడంలో తప్పు లేదు. వారిలో ఒకరు వలసను పరిశోధనాంశంగా ఎంచుకున్నప్పుడు 'దానివల్ల ఏమి వస్తుంది?' అని నిరుత్సాహపరచకుండా, సంఘాలు వారికి కొద్దిపాటి ఆర్థిక సహాయం, క్యాంపులలో పరిచయాలు సమకూర్చవలెను. ఫలితాలు సిద్ధాంత గ్రంథంలోనే నిలిచిపోక, సులభమైన తెలుగులో ఆ కార్మికుల చేతికి అందవలెను. అతను పంపిన ప్రతి రూపాయికీ ఊరిలో లెక్క ఉన్నది; అతని దేహం చెల్లించిన మూల్యానికి కూడా ఒక లెక్క ఉండి తీరాలి.