మాయాయుద్ధానికీ ఒక ధర్మం ఉండాలి

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉదయపు నడక నావంటి తార్నాక వాసులకు చిరకాలపు అలవాటు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం మీద తొలి ఎండ పడే వేళకు, ఆదివారమైతే చాలు, ప్రాంగణంలోని ఖాళీ స్థలాలన్నీ క్రికెట్ మైదానాలవుతాయి. అటువంటి ఒక ఆదివారం నేను చూసిన సంఘటనతో ఈ వ్యాసం మొదలుపెడతాను. వీడియో గేముల గురించి ఒక విశ్రాంత వైద్యునికి పనేమిటని మీరడిగితే జవాబు అందులోనే ఉన్నది.

గట్టి బంతి ఒకటి వేగంగా వచ్చి ఒక యువకుని చెవికి కాస్త పైన, కణత మీద తగిలింది. తలకు హెల్మెట్ లేదు. అతడు కూలబడి సుమారు ఒక నిమిషం స్పృహ లేకుండా ఉన్నాడు. తరువాత లేచి కూర్చున్నాడు, నీళ్లు తాగాడు, నవ్వాడు, మళ్లీ బ్యాటు అందుకోబోయాడు. నేను దగ్గరకు వెళ్లి, ఆట ఆపి ఆసుపత్రికి వెళ్దామన్నాను. అతని స్నేహితుడు మర్యాదగానే, "నాకౌట్ అయ్యాడంతే అంకుల్, లేచాడు కదా!" అన్నాడు.

వైద్యుడినని చెప్పి, కొంత గట్టిగా మాట్లాడి, ఆటోలో ఎక్కించాను. ఆసుపత్రిలో వరుసలో కూర్చుని ఉండగానే అతనికి తలనొప్పి పెరిగింది. వాంతి అయింది. మాట తడబడి మగత కమ్మింది. స్కాన్‌లో కపాలానికీ మెదడు పైపొరకూ మధ్య రక్తం గడ్డకట్టి కనిపించింది. ఆ మధ్యాహ్నమే శస్త్రచికిత్స జరిగింది. అతడు బతికాడు.

కణత దగ్గర కపాలపు ఎముక పలుచన. దాని లోపలి వైపున ఒక ధమని ఎముకను ఆనుకుని పోతుంది. ఎముక చిట్లినప్పుడు ఆ ధమని తెగితే రక్తం కొద్దికొద్దిగా చేరి మెదడును నొక్కుతుంది. దెబ్బ తిన్నవాడు తేరుకుని, కొంతసేపు మామూలుగా మాట్లాడి, తరువాత మగతలోకి జారిపోతాడు. ఆ మధ్యకాలాన్ని వైద్యులు 'లూసిడ్ ఇంటర్వెల్' అంటారు. చూసేవారికి అది కోలుకోవటంలా కనిపిస్తుంది. అందులోనే ప్రమాదమంతా దాగి ఉన్నది.

కొన్ని నెలల తరువాత ఆ స్నేహితుడు ల్యాప్‌టాప్ పట్టుకుని తార్నాకలోని మా ఇంటికి వచ్చాడు. ఇంజనీరింగ్ విద్యార్థి. తోటివారితో కలిసి కోటలు, మంత్రాలు, రాక్షసులు గల ఒక గేమ్ తయారు చేస్తున్నాడట. "సార్, గాయాలన్నీ నిజంగా ఉన్నట్టే పెడితే ఎవరూ ఆడరు. అబద్ధం పెడదామంటే ఆ ఆదివారం గుర్తుకొస్తున్నది. ఏం చేయమంటారు?" అని అడిగాడు. ఆనాడు అతనికి చెప్పిన మాటలనే కొంత వివరంగా మీకూ చెబుతున్నాను.

నా అభిప్రాయం ఇది. మాయాలోకం మన శరీరశాస్త్రాన్ని అనుసరించనవసరం లేదు. తాను పెట్టుకున్న శాస్త్రాన్ని మాత్రం అది ఉల్లంఘించరాదు. నియమం స్పష్టంగా ఉన్న ఆటలో 'ఇది ఆ లోకపు ధర్మం, మన లోకానిది వేరు' అని ఆడేవానికి తెలుస్తూ ఉంటుంది. నియమం ఎప్పటికప్పుడు మారిపోయే ఆటలో ఆ గీత చెరిగిపోతుంది.

మన కథలకు తెలిసిన సంగతి

ఇది పడమటి నుంచి దిగుమతి అయిన సిద్ధాంతమేమీ కాదు. హిరణ్యకశిపుని కథ మనందరికీ తెలిసినదే. మనిషి వల్ల గాని, మృగం వల్ల గాని, పగలు గాని, రాత్రి గాని, ఇంటా బయటా మరణం లేకుండా వరం పొందాడు. సాక్షాత్తు విష్ణువే అతణ్ణి వధించదలచినప్పుడు కూడా వరాన్ని రద్దు చేయలేదు. నరసింహ రూపంలో, సంధ్యవేళ, గడప మీద ఆ పని ముగించాడు. దేవుడు సైతం కథ పెట్టుకున్న నియమానికి కట్టుబడినందువల్లనే ఆ ఘట్టం ఇన్ని తరాలుగా పిల్లలను ఊపిరి బిగబట్టి వినేలా చేస్తున్నది.

కచుని కథ చూడండి. శుక్రాచార్యుని వద్ద మృతసంజీవని ఉన్నది, చనిపోయినవారిని లేపగలదు. అయితే భస్మమై, సురలో కలిసి, గురువు కడుపులోకే చేరిన కచుణ్ణి లేపాలంటే గురువు పొట్ట చీలి మరణించాలి. కాబట్టి ఆ విద్యను ముందు శిష్యునికి నేర్పవలసివచ్చింది. బయటికి వచ్చిన శిష్యుడు గురువును బతికించాడు. సంజీవని ఉన్నంత మాత్రాన చిక్కు తీరలేదు. మందుకు ఒక పద్ధతి ఉన్నది, ఒక మూల్యం ఉన్నది. ఔషధశాస్త్రంలో మేము చదువుకున్నదీ అదే.

ఓడ లెక్క మనిషికి

ఇక ఆటల సంగతి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే, బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట, నేటి కాల్పనిక వీడియో గేములకు మూలపురుషుని వంటిది. అందులోని యోధునికి కొన్ని 'హిట్ పాయింట్లు' ఉంటాయి. దెబ్బ తగిలినప్పుడల్లా కొన్ని తగ్గుతాయి; సున్నాకు చేరితే పతనం. ఈ పద్ధతిని యుద్ధనౌకల ఆటల నుంచి తెచ్చుకున్నానని ఆర్నెసన్ చెప్పుకున్నాడు.

ఇనుప ఓడకు ఈ లెక్క ఒక మేరకు సరిపోతుంది. ఓడకు రక్తం లేదు, నొప్పి లేదు, మూర్ఛ లేదు. మనిషికి వచ్చేసరికి అది పొసగదని తొలివారికీ తెలుసు. అందుకే గైగాక్స్ 1979 నాటి నియమగ్రంథంలో, ఈ అంకెలు శరీరానికి తగిలిన గాయాలు మాత్రమే కావనీ, యోధుని నేర్పు, అదృష్టం, దైవసహాయం కూడా వాటిలో కలిసి ఉన్నాయనీ వివరించాడు. ఆ వివరణను అంగీకరిస్తే లెక్క కుదురుతుంది: తరుగుతున్నది యోధుని అదృష్టం, చివరి వేటు మాత్రమే నిజంగా ఒంటిని తాకుతుంది.

తరువాత వచ్చిన ఎన్నో వీడియో గేములు ఆ అంకెకు 'హెల్త్' అని పేరు పెట్టి, ఎర్రరంగు పూసి, పక్కన గుండె బొమ్మ వేశాయి. చిక్కు అక్కడ మొదలైంది. వంద అంకెలలో ఒక్కటి మిగిలిన యోధుడు, వందా ఉన్నవానిలాగే పరుగెత్తుతాడు, గోడలెక్కుతాడు, అంతే బలంగా కత్తి విసురుతాడు. మరుక్షణం చిన్న దెబ్బకు చచ్చిపోతాడు.

నియమం పాటించినవి, తప్పినవి

కింద చెప్పే ఆటలను నేను స్వయంగా ఆడలేదు. నా మనవడు ఆడుతుండగా పక్కన కూర్చుని చూశాను. ఆ విద్యార్థి వివరించగా విన్నాను.

2011లో వచ్చిన 'డార్క్ సోల్స్' నాకు నచ్చింది. అందులో కత్తి విసిరినా, డాలు అడ్డుపెట్టినా, పక్కకు దొర్లినా శక్తి ఖర్చవుతుంది. ఆగి ఊపిరి తీసుకుంటేనే తిరిగి వస్తుంది. గాయం మాన్పే పానీయం ఉన్నది గాని పరిమితంగా ఉంటుంది, తాగటానికి సమయం పడుతుంది, ఆ సమయంలో శత్రువు చేతులు కట్టుకుని నిలబడడు. మరణించిన వీరుడు మళ్లీ లేస్తాడు. ఎందుకు లేస్తాడో ఆ లోకపు శాపమే చెబుతుంది. 2015 నాటి 'ది విచర్ 3'లో మంత్రౌషధాలు ఎక్కువగా తాగితే ఒంట్లో విషం పేరుకుంటుంది. మోతాదు మించిన మందు విషమేనని ఏ వైద్యుడు చెప్పినా ఇంతకంటె బాగా చెప్పలేడు. ఈ రెండింటిలోనూ రాక్షసులున్నారు, మంత్రాలున్నాయి. వాటికి తగిన కట్టుబాటూ ఉన్నది.

డార్క్ సోల్స్ వచ్చిన 2011లోనే విడుదలైన 'స్కైరిమ్' అందమైన ఆట. అయితే డ్రాగన్ ఎదుట నిలబడి సంచి తెరిస్తే కాలం ఆగిపోతుంది. ఆ విరామంలో ఎన్ని చీజ్ ముద్దలైనా తిని గాయాలు తగ్గించుకోవచ్చు. ఆ కాలం ఎందుకు ఆగుతుందో కథ చెప్పదు. 1997 నాటి 'ఫైనల్ ఫాంటసీ 7' మరీ ప్రసిద్ధమైన ఉదాహరణ. పోరాటాల్లో పడిపోయిన సహచరులను 'ఫీనిక్స్ డౌన్' అనే వస్తువుతో ఎన్నిసార్లయినా లేపవచ్చు. కథలో మాత్రం ఏరిత్ అనే యువతి ఒక్క కత్తిపోటుకు శాశ్వతంగా మరణిస్తుంది. ఆ వస్తువు ఎవరికీ గుర్తుకు రాదు. ఆమె కోసం ప్రపంచమంతటా ఆటగాళ్లు కన్నీరు పెట్టుకున్నారు. అదే నోటితో ఈ ప్రశ్న కూడా అడిగారు. శుక్రాచార్యుని కథ రాసినవారు ఆ ప్రశ్నకు తావివ్వలేదు.

శరీరం చెప్పే లెక్క

శరీరానికీ ఒక నియమావళి ఉన్నది. అది సరళరేఖలో నడవదు. డెబ్బై కిలోల మనిషిలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 750 మిల్లీలీటర్ల దాకా పోయినా పైకి పెద్దగా తేడా కనిపించదు. 1500 దాకా పోతే గుండె నిమిషానికి వందకు పైగా కొట్టుకుంటుంది, చర్మం పాలిపోతుంది, ఆందోళన మొదలవుతుంది. అది దాటితే రక్తపోటు పడిపోయి మనసు గందరగోళమవుతుంది. 2 లీటర్లు మించితే ప్రాణాపాయం. యువకుల శరీరం చాలాసేపు తట్టుకుని నిలబడి, తరువాత ఒక్కసారిగా కూలుతుంది. 'ఇంకా నిలబడే ఉన్నాడు కదా' అన్న ధైర్యం అందువల్ల నమ్మదగినది కాదు.

అలసటను చూపే గీత మాత్రం ఎర్రగీత కంటె నిజానికి దగ్గరగా ఉంటుంది. శక్తినంతా కూడగట్టి చేసే పనికి కండరాల్లో సిద్ధంగా ఉండే ఇంధనం సుమారు పది సెకన్లకే తరుగుతుంది. యూరప్ యోధుల ఉక్కు కవచాలను మనుషులకు తొడిగి నడిపించి చేసిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది; కవచంతో నడవటానికి ఇంచుమించు రెండింతల శక్తి ఖర్చవుతుందని అందులో తేలింది. మాన్పటం విషయానికి వస్తే, చర్మం కలిసిన మూడు వారాలకు కూడా గాయపు మచ్చకు మామూలు చర్మపు బలంలో మూడోవంతు రాదు; పూర్తి బలం ఎన్నటికీ రాదు.

ఇదంతా ఉన్నదున్నట్టు ఆటలో పెట్టమని నేను ఆ విద్యార్థికి చెప్పలేదు. పెడితే పొట్టలో కత్తిపోటు తిన్న వీరుడు, యాంటీబయాటిక్ లేని ఆ కాలంలో, నాలుగు రోజులు జ్వరంతో మూలిగి చనిపోవాలి. అటువంటి ఆటను నేనూ ఆడను. ఎర్రగీత తరిగేది అదృష్టమా, రక్తమా తేల్చుకోమన్నాను. అదృష్టమైతే ఆ పేరే పెట్టి, గాయాన్ని వేరుగా, అరుదుగా, ఫలితంతో సహా చూపమన్నాను. మంత్రౌషధం ఉంటే దానికి సమయం, మోతాదు, మూల్యం నిర్ణయించి, కథ మధ్యలో అవి మరచిపోవద్దన్నాను.

ఆటలోనుంచి బయటికి తేకూడనివి

'ఆటను ఆటగా తీసుకోవచ్చు కదా' అని మీరనవచ్చు. నిజమే. ఆడినవారంతా తెలివి కోల్పోతారని నా వాదన కాదు. ఈ అపోహలను సినిమాలు అంతకు ముందు నుంచే పెంచుతున్నాయి. ఆపద వేళ మనిషి చేయి మాత్రం అతడు పదేపదే చూసినదాని వైపే సాగుతుంది. కాబట్టి మీరూ, మీ పిల్లలూ ఈ మూడు సంగతులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

మొదటిది: ఒంట్లో లోతుగా గుచ్చుకున్న కత్తిని గాని, కమ్మీని గాని అక్కడికక్కడ పెరకరాదు. తెగిన రక్తనాళాన్ని అదే అదిమిపెట్టి ఉండవచ్చు. కదలకుండా చుట్టూ గుడ్డతో ఆనిక కట్టి ఆసుపత్రికి చేర్చాలి.

రెండవది: రక్తం కారుతున్న గాయం మీద శుభ్రమైన గుడ్డ మడిచి పెట్టి గట్టిగా, ఎడతెగకుండా నొక్కాలి. ఆగిందా లేదా అని మాటిమాటికీ తీసి చూడరాదు. ఒకరు నొక్కుతుండగా మరొకరు 108కి ఫోన్ చేయాలి.

మూడవది: తలకు దెబ్బ తగిలి క్షణకాలమైనా స్పృహ తప్పితే, లేచి నవ్వినా సరే, ఆట అక్కడితో ఆపి వైద్యునికి చూపించాలి. పెరిగే తలనొప్పి, వాంతులు, మగత, మాట తడబాటు, మూర్ఛ, ముక్కు నుంచి గాని చెవి నుంచి గాని రక్తమో నీరో కారటం, ఒక కంటిపాప రెండవదానికంటె పెద్దదవటం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం తగదు. అతణ్ణి ఒంటరిగా వదలరాదు. స్పృహ సరిగా లేనివాని నోట్లో నీళ్లు పోయరాదు.

ఆ విద్యార్థి మొన్న మళ్లీ వచ్చి తన ఆటలో చేసిన మార్పు చూపించాడు. కోట కావలివాడు తలకు దెబ్బ తగిలి పడిపోతాడు. ఇదివరకు రెండు నిమిషాలకు లేచి మామూలుగా కాపలా తిరిగేవాడట. ఇప్పుడు లేస్తాడు, రెండడుగులు వేస్తాడు, దారి తప్పుతాడు. తోటి కావలివాడు ఈటె పక్కన పెట్టి అతని దగ్గర కూర్చుంటే బతుకుతాడు; వదిలి వెళితే తెల్లవారేసరికి ఉండడు. ఆ లోకంలో ఇది అందరికీ వర్తించే నియమమట, వీరునితో సహా.

దెబ్బ తగిలిన యువకుడు ఇంకా బ్యాటు పట్టలేదు. శస్త్రచికిత్స చేసిన వైద్యులు అనుమతి ఇవ్వలేదు. ఆదివారాల్లో అంపైరుగా నిలబడుతున్నాడు. హెల్మెట్ లేకుండా వచ్చినవారిని క్రీజు దగ్గరికి రానివ్వటం లేదు.