ఎల్లారెడ్డి బస్సులో నిచ్చెన

మొన్న శుక్రవారం కామారెడ్డిలో ఒక డిగ్రీ కాలేజీ పిల్లలతో గంటసేపు మాట్లాడాను. పోటీ పరీక్షల్లో వ్యాసం ఎలా రాయాలన్నది విషయం. అంతా అయిపోయి చప్పట్లు కొట్టబోతుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. ‘‘సార్, అందరూ గోల్ ఏందని అడుగుతున్నరు. సంతోషంగ ఉండుడే నా గోల్ అంటే తప్పా?’’ క్లాసంతా గొల్లుమంది. ‘‘తప్పేముందమ్మా’’ అని నేనూ నవ్వేసి బయటపడ్డాను. బస్టాండు దాకా నడిచేసరికి ఆ జవాబు చెప్పులో రాయిలా గుచ్చుకోవడం మొదలైంది. ఆ పిల్ల నిజంగానే అడిగింది. నేను నిజంగా చెప్పలేదు.

ఎల్లారెడ్డి బస్సు కిటకిటలాడుతోంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, ఈ రూట్లో మగవాడికి సీటు దొరికిందంటే ఆ రోజు రాశిఫలం బాగున్నట్టే. ఒక ముసలామె సంచీ ఒళ్లోకి తీసుకుని ‘‘కూసో బిడ్డా’’ అని జరిగింది. కండ్ల డాక్టరుకు చూపించుకుని లింగంపేటకు పోతోందట. మృగశిర దాటినా మబ్బు లేదని ఆమె, ఎండలు తగ్గలేదని నేను కాసేపు అనుకున్నాం. ఆ అమ్మాయి ప్రశ్న ఇంకా బుర్రలోనే ఉంది. ఉండబట్టలేక దాన్ని ఈమె మీద ప్రయోగించాను.

ఏటా వచ్చే ప్రపంచ సంతోష నివేదిక గురించి మీరు పేపర్లలో చదివే ఉంటారు. 2025 నివేదికలో 147 దేశాలుంటే మనది 118వ స్థానం. ఫిన్లాండ్ వరసగా ఎనిమిదోసారి మొదటి స్థానంలో నిలిచింది. ఈ ర్యాంకులన్నీ ఒకే ఒక్క ప్రశ్న మీద నడుస్తాయి. అందులో సంతోషం అన్న మాటే ఉండదు. ఒక నిచ్చెన ఊహించుకోమంటారు. పైన పదో మెట్టు నీకు సాధ్యమైనంత మంచి బతుకు, కింద సున్నా అన్నిటికన్నా అధ్వాన్నమైన బతుకు. ఇప్పుడు నువ్వు ఏ మెట్టు మీదున్నావు? అంతే.

అదే అడిగాను. ‘‘అవ్వా, పది మెట్ల నిచ్చెన అనుకో...’’ అంటూ మొత్తం చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, ఒక్క సందేహం తీర్చమంది.

‘‘నాదొక్కదాందేనా, ఇంటిదా?’’

నా దగ్గర జవాబు లేదు. సర్వే చేసేవాళ్ల దగ్గరా ఉండదనుకుంటాను. ‘‘నీదే చెప్పు’’ అన్నాను.

‘‘నాదొక్కదాందే ఎట్ల తీస్తం సారూ? పెద్దోడు మస్కట్ల ఉన్నడు. వాడు కింది మెట్టు మీద నిలబడ్డడు గాబట్టి మేము ఇంత మీదికొచ్చినం. కోడలు బీడీలు చేస్తది, చిన్నోడు ట్రాక్టర్ నడుపుతడు. ఎవల మెట్టని చెప్పాలె?’’

ఆ మాట తర్వాత రెండు స్టేజీల దాకా నేనేమీ మాట్లాడలేదు. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో గల్ఫ్ అంటే ఏమిటో దశాబ్దాలుగా అందరికీ తెలుసు. అప్పు, ఏజెంటు, వీసా, కంపెనీ, కంపెనీ జీతం ఇవ్వకపోతే దాన్ని వదిలేసి కాగితాల్లేకుండా తిరిగే ‘ఖల్లివెల్లి’ బతుకు. అక్కడ చనిపోయినవారి కుటుంబాలకు అయిదు లక్షల పరిహారం ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించేదాకా వచ్చింది. ఇవన్నీ నేను రాసినవే, చదివినవే. కానీ ఒకడు కింది మెట్టు మీద నిలబడి మిగతావాళ్లను భుజాల మీదికి ఎక్కించుకుంటాడన్న లెక్క ఏ వ్యాసంలోనూ చూడలేదు. సంతోషమే గోల్ అనుకునే మనిషి మస్కట్ ఎండలో ఒక్క ఏడాది నిలవడు. నిలిచినవాడు దేనికోసం నిలిచాడో కనుక్కుంటే ఆ అమ్మాయికి సగం జవాబు దొరికినట్టే.

‘‘పోనీ, సంతోషంగ ఉన్నవా?’’ అని దారి మార్చి అడిగాను.

‘‘సంతోషమేంది సారూ, పండుగకా?’’ అని నవ్వింది. ‘‘నిమ్మలంగ ఉన్నం. మొన్నటిదాంక అది గూడ లేకుండె.’’

నిమ్మలం. మా వైపు ఈ మాట రోజుకు పదిసార్లు వినపడుతుంది, కాబట్టే ఎవరూ పట్టించుకోరు. జ్వరం దిగితే పానం నిమ్మలమైందంటారు. బిడ్డ పెండ్లి చేసి పంపితే ఇగ నిమ్మలం అంటారు. చుట్టం ఆదరాబాదరాగా లేవబోతే నిమ్మలంగ తిను అంటారు. గమనించండి, ప్రతిసారీ ఇది ఏదో ఒకటి గడిచాక వస్తుంది. ఒక పని ముగిశాకో, ఒక గండం తప్పాకో. నిమ్మలం కోసం బయలుదేరి నిమ్మలం తెచ్చుకున్నవాణ్ని నేను చూడలేదు. బిడ్డ పెండ్లి కోసం బయలుదేరతారు, అప్పు తీర్చడం కోసం బయలుదేరతారు. వెనకాల అది వచ్చి కూర్చుంటుంది.

ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్‌కు ఇదే సంగతి ఒక పెద్ద దెబ్బ తిన్నాక తెలిసింది. ఎక్కువమందికి ఎక్కువ సంతోషం అన్న సిద్ధాంతాన్ని తండ్రి ఉగ్గుపాలతో పట్టించాడు. 1826లో, ఇరవయ్యేళ్ల వయసులో, తనను తాను ఒక ప్రశ్న వేసుకున్నాడు: నువ్వు కోరుకునే మార్పులన్నీ ఈ క్షణమే జరిగిపోతే నీకు సంతోషమేనా? లోపలి నుంచి కాదన్న జవాబే వచ్చింది. నెలల తరబడి కుంగిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు, సంతోషం మీద నేరుగా గురిపెట్టినవాడికి అది దక్కదని, మనసు వేరే పని మీద ఉన్నవాడికే దారిలో తగులుతుందని. మిల్‌కు ఇంత కష్టం అక్కర్లేదు, లింగంపేట బస్సెక్కితే సరిపోయేది. (పండితులు క్షమించాలి.)

నేరుగా గురిపెట్టే దారి కూడా ఒకటుంది, మనకు బాగా తెలిసిందే. కామారెడ్డి బెల్లానికి పేరు. బెల్లం బతుకమ్మనాడు మలీద ముద్దలకు పోతుంది. నల్లబెల్లం గుడుంబా బట్టీలకు పోతుందని సర్కారు కట్టడి పెడితే, చెరుకు రైతు మధ్యలో నలిగిపోయాడు. సంతోషమే గమ్యమైతే గుడుంబాలో తప్పేమీ లేదు. అంత దగ్గరి దారి ఇంకొకటి లేదు, తాగినవాణ్ని ఆ ఘడియలో అడిగితే పదో మెట్టు మీదున్నానంటాడు. అబద్ధం కూడా కాదు. ఆ ఇంటి ఆడమనిషిని అడిగితే మెట్టు వేరు. మళ్లీ అవ్వ ప్రశ్నే: ఒక్కడిదా, ఇంటిదా?

ప్రభుత్వాలు మాత్రం ఈ మధ్య సంతోషం పంచుతామని తయారయ్యాయి. మధ్యప్రదేశ్ 2016లో ఏకంగా ఆనంద శాఖ పెట్టింది. అమరావతిలో 2018లో సంతోష నగరాల సదస్సు జరిగింది. స్థూల జాతీయ సంతోషమే తన కొలమానమని భూటాన్ యాభయ్యేళ్లుగా చెబుతోంది. ఆ భూటాన్ యువకులే ఇప్పుడు వేల సంఖ్యలో ఆస్ట్రేలియా విమానం ఎక్కుతున్నారు. మన మస్కట్ పెద్దోడిలాగే.

కామారెడ్డికి కూడా ఒకరు మేలు గీసిపెట్టారు. పట్టణ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో పంట పొలాలు పారిశ్రామిక జోన్ రంగులోకి మారాయి. 2023 జనవరిలో చుట్టుపక్కల ఊళ్ల రైతులు కలెక్టరేట్ ముందుకు వచ్చారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు కూడా. వాళ్లు కొత్తగా ఏమీ ఇమ్మనలేదు, ఉన్న నిమ్మలం చెడగొట్టొద్దన్నారు. ఆ నెలలోనే మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. (అదే ఏడాది చివర ఇదే ఊళ్లో అప్పటి ముఖ్యమంత్రినీ, కాబోయే ముఖ్యమంత్రినీ ఒకేసారి ఓడించారు. కామారెడ్డి ఓటరు ఆ రోజు ఏ మెట్టు మీదున్నాడో ఎవరూ అడిగినట్టు లేదు.)

అయితే నిమ్మలం అన్న మాటను నెత్తిన పెట్టుకుని ఊరేగడానికి నాకు భయమే. ఉన్నదాంతో సర్దుకోండి, పెద్ద ఆశలొద్దు అని గడీల కాలంలో దొరలు చెప్పిందీ ఇంచుమించు ఇదే. దోమకొండ కోటను ఈమధ్య ముచ్చటగా బాగుచేశారు, వెళ్లి చూడవలసిందే. కానీ గడీల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ జనం ‘నిమ్మలంగ ఉన్నం దొరా’ అని ఉంటే దానికి అర్థం వేరు. కొడుకు పరాయి దేశంలో ఉంటే తప్ప ఇల్లు కుదుటపడని పరిస్థితిని కూడా ఆ మాట కప్పేస్తుంది. బస్సులో ఆ అవ్వ నిమ్మలం నాకు ముచ్చటేసింది నిజమే. దాని వెల కడుతున్నవాడు అక్కడున్నాడన్నదీ నిజమే.

అందుకని ఆ అమ్మాయి ఇప్పుడు కనిపిస్తే, గోల్ పెట్టుకోవద్దని చెప్పను. సంతోషం నీకొద్దు, నాకు మాత్రం కావాలి అనే పెద్దమనిషిని కాలేను. నిన్ను పోచారం తీసుకెళ్తాను రా అంటాను. ఎల్లారెడ్డికి దగ్గరే. మంజీరలో కలిసే వాగు మీద 1916లో మొదలుపెట్టి 1922లో ముగించిన రాతి కట్ట. పది వేల ఎకరాలకు పైగా నీరిస్తుంది. 2025 ఆగస్టు చివర్లో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది ఈ జిల్లాలో. కామారెడ్డిలో కాలనీలు మునిగాయి, భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలు పట్టాల కింద నేల కొట్టుకుపోయింది. పోచారం కట్ట మీదుగా వరద పొంగి దూకుతుంటే ఉంటుందా, పోతుందా అని దిగువ ఊళ్లు రాత్రంతా మేలుకున్నాయి. కట్ట నిలిచింది. వందేళ్ల కింద దాన్ని పేర్చినవాళ్లలో ఎవరి గోల్ ఏమిటో మనకు తెలియదు. కూలి డబ్బులే కావచ్చు. రాయి మీద రాయి మాత్రం సరిగ్గా పెట్టారు.

‘‘మొన్నటిదాంక నిమ్మలం లేకుండె’’ అని అవ్వ అన్నది ఆ వరద గురించేనట. వరి మీద ఇసుక మేట వేసింది. తీయించడానికి మళ్లీ పెద్దోడే పంపాడు.

లింగంపేట వచ్చింది. అవ్వ సంచీ సర్దుకుని లేచింది.

‘‘అవ్వా, మెట్టు చెప్పనే లేదు’’ అన్నాను.

‘‘ఇయ్యాల శుక్రారం గదా, వానికి సెలవు. మాపటికి ఫోన్ జేస్తడు’’ అంది. ‘‘ఏ మెట్టు మీదున్నవురా అని వాన్నే అడుగుత.’’ కండక్టర్‌తో ఆపు ఆపు అంటూ దిగిపోయింది.