స్థానికపు ఓటు ఎవరిపై తీర్పు?

గ్రామ పంచాయతీకో, పురపాలక సంఘమునకో ఎన్నికలు జరిగి ఫలితములు వెలువడిన మరునాడు అందరును ఒకే ప్రశ్న వేయుదురు: ఈ ఫలితము రాజధానిలోని ప్రభుత్వమునకు అనుకూలమా, ప్రతికూలమా? మార్కాపురమున మురుగుకాల్వ పారునా, గిద్దలూరున వీధిదీపము వెలుగునా, నల్లమల యంచున నున్న పల్లెకు వేసవిలో త్రాగునీరు అందునా అను ప్రశ్న ఎవ్వరికిని తోచదు. ఓటు పడినది వార్డు సభ్యునికి; దానికి చెప్పబడు అర్థము ముఖ్యమంత్రిని గూర్చి. ఈ విపరీతము మన దేశముననే కలదని తలంపరాదు. స్థానిక స్వపరిపాలనమునకు పుట్టినిల్లని చెప్పుకొను బ్రిటనులోను ఇదే జరిగినది. అచ్చటి అనుభవమును మన అనుభవముతో పోల్చి చూచినచో పడమటి ప్రకాశము ప్రజలకు పనికివచ్చు పాఠమొకటి దొరకునని మా అభిప్రాయము.

2010 మే నెలలో జరిగిన సార్వత్రిక ఎన్నికలలో బ్రిటిషు పార్లమెంటున ఏ పక్షమునకును పూర్తి ఆధిక్యము రాలేదు. 650 స్థానములలో 306 గెలిచిన కన్సర్వేటివులు, 57 గెలిచిన లిబరల్ డెమోక్రాట్లతో కలిసి సంకీర్ణ ప్రభుత్వము నేర్పరచిరి. డేవిడ్ కామెరాను ప్రధానమంత్రి, నిక్ క్లెగ్గు ఉపప్రధానమంత్రి అయిరి. విశ్వవిద్యాలయపు రుసుములను పెంచనీయమని ఎన్నికలకు ముందు చేవ్రాలు చేసిన పక్షము లిబరల్ డెమోక్రాట్లది. ఆ యేడు డిసెంబరు 9వ తేదీన రుసుము పరిమితిని 9,000 పౌండులకు పెంచు నిర్ణయము ఆ ప్రభుత్వము చేతనే నెగ్గెను. ఆ పక్షపు సభ్యులలో 21 మంది ఎదురు ఓటు వేసినను, నాయకులు మాట తప్పిరను అపకీర్తి పక్షమునకంతటికిని అంటుకొనెను.

2011 మే 5వ తేదీన ఇంగ్లండు నందలి అనేక నగర, జిల్లా మండలులకు ఎన్నికలు జరిగినవి. లిబరల్ డెమోక్రాట్లు ఆ ఒక్కదినమున 748 స్థానములను పోగొట్టుకొనిరి. క్లెగ్గు మహాశయుని నియోజకవర్గమున్న షెఫీల్డు నగరపాలనము లేబరు పక్షమునకు పోయెను. న్యూకాజిలు నగరమును అదే దారి పట్టెను. ఇందులో వింత యేమనగా, రుసుములు పెంచిన ప్రభుత్వమున పెద్ద భాగస్వాములైన కన్సర్వేటివులకు ఆ ఎన్నికలలో 86 స్థానములు అధికముగా లభించినవి. పాపము ఇరువురిది, ప్రాయశ్చిత్తము ఒకరిది.

ఓడిన నగరసభ్యులలో ఎవ్వరికిని రుసుములపై ఓటు లేదు. వారు చెత్త ఎత్తించుట, గ్రంథాలయములు నడుపుట, వృద్ధులను పోషించుట అను పనులు చేయువారు. అందు సమర్థులు నుండిరి, అసమర్థులు నుండిరి. ఓటరు ఆ తారతమ్యమును విచారింపక అత్తమీది కోపమును దుత్తమీద చూపెను. అదే సమయమున సంకీర్ణ ప్రభుత్వము స్థానిక సంస్థల కిచ్చు గ్రాంటులను నాలుగేండ్లలో నాలుగవ వంతుకు పైగా తగ్గింప నిశ్చయించినది. స్థానిక స్వాతంత్ర్యము పేర 2011లో చేసిన చట్టముననే, ప్రభుత్వము విధించిన హద్దు మించి పన్ను పెంచదలచిన మండలి ప్రజాభిప్రాయ సేకరణము జరుపవలెనను నిబంధన పెట్టబడెను. సంచి మూతిని బిగించిన హస్తము లండనులోనిది; సంచి ఖాళీగా నున్నదని నింద పడినది ఊరి సభ్యులు.

ఓటరు పక్షమునను న్యాయము లేకపోలేదు. సార్వత్రిక ఎన్నికలు ఐదేండ్లకు గాని రావు. నడుమ మాట తప్పిన నాయకులను హెచ్చరించుటకు ప్రజల చేతిలో మరొక సాధన మేది? స్థానికపు ఓటు ఆ హెచ్చరికకు పనికివచ్చినదనుట సత్యమే. కాని 2015 మే నెలలో అసలు తీర్పు అసలు న్యాయస్థానముననే వెలువడెను: లిబరల్ డెమోక్రాట్ల బలము 57 నుండి 8కి దిగజారెను. ఆ తీర్పునకై నాలుగేండ్లు వేచి యుండుట కష్టమే. అయినను వేచి యుండక పోవుటవలన ఊళ్లు కోల్పోయిన అనుభవజ్ఞులు ఆ తీర్పుతో తిరిగి రాలేదు.

ఇక మన ఆంధ్రదేశమున చిత్రము తలక్రిందులు. బ్రిటిషు ఓటరు స్థానికపు ఓటుతో పాలకులను దండించును. మన ఓటరు అదే ఓటుతో పాలకులను ప్రసన్నులను చేసికొనును. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా గ్రామ పంచాయతీలకు, మార్చి 10వ తేదీన పురపాలక సంఘములకు ఎన్నికలు జరిగినవి. తాడిపత్రి వంటి అరుదైన చోట్లు దక్క పట్టణములన్నియు నాటి పాలకపక్షమైన వై.ఎస్.ఆర్. కాంగ్రెసు వశమైనవి. ఇది సంక్షేమ పథకముల ఫలమని పాలకపక్షము, బెదిరింపుల ఫలమని ప్రతిపక్షము వాదించుకొనినవి. మూడేండ్లు గడిచినవి. 2024 శాసనసభ ఎన్నికలలో అదే ప్రజలు తెలుగుదేశము, జనసేన, భారతీయ జనతా పక్షముల కూటమికి 175లో 164 స్థానము లిచ్చి, వై.ఎస్.ఆర్. కాంగ్రెసునకు 11 మిగిల్చిరి. 2021 నాటి ఫలితము పాలకులపై ప్రజల అనురాగమునకు కొలమానమే యైనచో ఆ అనురాగము ఇంత త్వరగా ఎటు పోయినది?

మా ఊహలో ఆ రెండు వాదములకును అడుగున మూడవ కారణ మొకటి యున్నది. అది పల్లెలో ప్రతి రచ్చబండకును తెలిసినదే. ఊరికి బోరు కావలెనన్నను, సిమెంటు బాట కావలెనన్నను పైవారి అనుగ్రహము కావలెను. సర్పంచి ఎదుటి పక్షమువాడైనచో కాగితము కదలదని గ్రామస్థుని భయము. కావున అతడు తన ఊరి మేలు కోరియే పాలకపక్షపు మనిషిని ఎన్నుకొనును. అది బుద్ధిహీనత కాదు. సొంత డబ్బు సంచి లేనివాని లౌక్యము. బ్రిటిషు ఓటరు కోపమునకును, మన ఓటరు లౌక్యమునకును మూల మొక్కటియే: స్థానిక సంస్థకు తన సొమ్ము తన చేతిలో లేదు. ప్రాణము పైనున్న చోట జనుల చూపును పైననే యుండును.

ఈ లౌక్యమైనను ఫలించెనా? 2021లో ఎన్నికైన సర్పంచులలో అనేకులు ఆ సంవత్సరాంతముననే, ఆర్థికసంఘము పంచాయతీల కిచ్చిన సొమ్మును విద్యుత్తు బకాయిల క్రింద ప్రభుత్వము మళ్లించుకొనినదని మొరపెట్టిరి. ఆ మొర పెట్టినవారిలో పాలకపక్షపు సర్పంచులును ఉండిరి. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు వెలసినవి. అందలి ఉద్యోగులను నియమించినది రాష్ట్ర ప్రభుత్వము. సచివాలయపు గుమ్మము ముందు సర్పంచి అర్జీదారునివలె నిలువవలసి వచ్చినదను బాధ నానాటికి పెరిగెను. రాజ్యాంగపు 73వ సవరణము 1993లో అమలునకు వచ్చి, పదకొండవ షెడ్యూలున 29 విషయములను పంచాయతీల కొరకు వ్రాసి పెట్టినది. కాని వానిని అప్పగించు పనిని రాష్ట్ర శాసనసభల చిత్తమునకు వదలినది. చిత్తము కలుగలేదు, షెడ్యూలు పుస్తకమున నిలిచిపోయినది.

ఈ సత్యము మన పడమటి ప్రకాశమున కనబడినంత స్పష్టముగా మరెచ్చటను కనబడదు. మార్కాపురము, గిద్దలూరు, కంభము ప్రాంతములు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు జిల్లాలో చేరినవి. 1972లో జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు వచ్చినది. జిల్లా మారినను దప్పిక మారలేదు. విజయనగర ప్రభువుల నాడు గుండ్లకమ్మకు అడ్డుగా కట్టిన కంభము చెరువు నేటికిని ఈ సీమకు ఆధారము. కృష్ణా వరద జలములలో 43.5 టి.ఎం.సీలను నల్లమల కొండల క్రిందుగా తెచ్చుటకై వెలిగొండ ప్రాజెక్టునకు 1996లో శంకుస్థాపనము జరిగినది. మొదటి సొరంగము 2021లోను, రెండవది 2024లోను పూర్తియైనవి. ఆ ఇరువదియెనిమిదేండ్లలో 2001, 2006, 2013, 2021 సంవత్సరములలో నాలుగు మారులు పంచాయతీ ఎన్నికలు జరిగినవి. ఆ నాలుగు ఎన్నికలలో ఎవరు గెలిచినను, ఎవరు ఓడినను, కొండ క్రింద త్రవ్వకము ఒక్క అడుగైనను వేగిరపడలేదు. అది రాష్ట్ర ప్రభుత్వపు పని. దాని లెక్క శాసనసభ ఎన్నికలలో అడుగవలసినది.

అట్లే, చెడిన బోరు మోటారు బాగుపడుట, నీటి తొట్టిని కడుగుట, వేసవిలో ట్యాంకరు ఏ వీధికి ముందు పోవలెనో నిర్ణయించుట, ఫ్లోరైడు నీటి పల్లెలలో మంచినీటి యంత్రమును నడుపుట అను పనులకు ముఖ్యమంత్రిని అడుగుట వ్యర్థము. అవి పంచాయతీ పనులు. సొరంగమును గూర్చిన కోపమును సర్పంచిపై చూపి, మోటారును గూర్చిన కోపమును మంత్రిపై చూపుచున్నంతకాలము సర్పంచియు మంత్రియు ఇరువురును సుఖముగా నుందురు. లెక్క చెప్పవలసిన అక్కర ఎవ్వరికిని ఉండదు.

మన పూర్వులు ఈ విషయమున మనకంటె తెలివి గలవారని చెప్పవలసి యున్నది. 2022 వరకు ప్రకాశము జిల్లాలో నుండిన చీరాల, నాడు గుంటూరు జిల్లాలోనిది. లండనులో లాయిడ్ జార్జి సంకీర్ణ ప్రభుత్వము నడుచుచున్న దినములవి. చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీగా చేసి, నాలుగువేల రూపాయల పన్నును నలుబదివేలకు పెంచిరి. ఊరివారు మాకీ గౌరవము వలదనిరి. వినువారు లేకపోగా 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున, పదునైదువేల జనులలో అత్యధికులు ఇండ్లు వదలి, రామనగరమను పేర పాకలు వేసికొని పదకొండు నెలలు నివసించిరి. వారు ఎదిరించినది స్వపరిపాలనమును కాదు. పేరు తమది, పెత్తనము మదరాసుది అయిన స్వపరిపాలనమును. సొంత అధికారము లేని సంస్థకు సొంత పన్నులు చెల్లించుట బానిసత్వమని వారు గ్రహించిరి.

పైవారి పెత్తనము స్వరాజ్యముతో తీరిపోలేదు. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు తీరినది. ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగినవి. గడువు ముగియకమునుపే ఎన్నికలు జరుపవలెనని రాజ్యాంగము శాసించుచుండగా, రెండున్నర యేండ్లు ప్రత్యేకాధికారులు పల్లెల నేలిరి. రాజధానిలో గాలి మారిన తోడనే సభ్యులు రంగులు మార్చు ఆచారము మరొకటి. విశాఖ నగరపాలక సంస్థలో 2021లో 98 స్థానములకు 58 గెలిచిన పక్షపు మేయరు, 2025 ఏప్రిల్ 19వ తేదీన అవిశ్వాస తీర్మానము చేత దిగిపోవలసి వచ్చెను. ఆ నడుమ విశాఖ పౌరుడు నగరపాలనమునకై మరల ఓటు వేయలేదు. ఏ పక్షము చేసినను ఈ పద్ధతి మాకు సమ్మతము కాదు. ప్రజలు లేకయే ప్రజాతీర్పు మారుచున్నచో ఎన్నికల ఖర్చు దేనికి?

పాలకులు ఎవరైనను వారిని కోరవలసిన కోర్కెలు మూడు. గడువు తీరకమునుపే స్థానిక ఎన్నికలు జరుపవలెను. ఆర్థికసంఘము స్థానిక సంస్థలకిచ్చిన పైకమును మరియొక లెక్కకు త్రిప్పరాదు. సచివాలయపు ఉద్యోగి ఊరి పనులకు సర్పంచికి జవాబుదారి కావలెను. ఈ మూడును లేక, స్థానిక ఎన్నికలలో విజయమని ఊరేగుట ఖాళీకుండకు పసుపు కుంకుమలు పెట్టుట వంటిది.

భూస్వాములకును పట్టణవాసులకును మేము చెప్పవలసిన మాట యొకటి కలదు. అది కొంచెము చేదుగా నుండవచ్చును. ఇంటిపన్ను ఏండ్ల తరబడి బాకీపడి, పంచాయతీ చేతగానిదని నిందించువారు పల్లెలలో పెద్దలనబడువారే. గ్రామసభకు వారు రారు. తమ పనులు ఎమ్మెల్యేగారి వాకిట చక్కబెట్టుకొందురు. వారు విడిచిన సభలో పేదవాని మాటకు బలముండదు. పన్ను కట్టినవాడే లెక్క యడుగగలడు. లెక్క అడిగెడు ఊరి సొమ్మును మళ్లించుటకు ఏ ప్రభుత్వమైనను ఒకటికి రెండు మారులు ఆలోచించును.

మరల స్థానిక ఎన్నికలు వచ్చినపుడు మార్కాపురము, గిద్దలూరు ఓటర్లు అభ్యర్థిని ఏ పక్షమువాడవని అడుగుటకు ముందు, గడచిన ఐదేండ్లలో మా వీధికి ఎంత పైకము వచ్చినది, ఎంత ఖర్చైనది, మిగిలిన దెచ్చట అని అడుగుదురుగాక. ప్రత్యుత్తరము చెప్పగలవాడు పాలకపక్షమువాడైనను, ప్రతిపక్షమువాడైనను అతనికే ఓటు వేయుదురుగాక. ముఖ్యమంత్రి సంగతి తేల్చుటకు శాసనసభ ఎన్నికలు ఉండనే యున్నవి. అప్పుడు మార్కాపురపు ఫలితమును జూచి రాజధానిలోని వారు తమకు అనుకూలమో ప్రతికూలమో తేల్చుకొనలేక పోవుదురు. స్థానిక స్వపరిపాలనము నిజముగా మొదలైన దినము అదియే యని మా నమ్మకము.