పేలుడు బొమ్మ గీస్తే తిట్టకండి



మీ పిల్లల రఫ్ నోట్‌బుక్ చివరి పేజీలు ఒకసారి తిప్పి చూడండి. ఎక్కడో ఒకచోట ట్యాంకరు పేలుతూనే ఉంటుంది. ఫ్రీ ఫైర్ ఆడీ ఆడీ ఇలా తయారయ్యారని మీకు కోపం రావచ్చు. ఫోన్ తీసేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పెన్సిల్ మాత్రం ఉంచండి.

ఆ బొమ్మల్లో సాధారణంగా మంటంతా ఎరుపే ఉంటుంది. నిజానికి బాగా వేడెక్కిన నడిభాగం దాదాపు తెల్లగా ఉంటుంది. దాని చుట్టూ పసుపు, ఆపైన నారింజ, చల్లబడే అంచున ఎరుపు, ఆ తర్వాత నల్లటి పొగ. వెలుగు మంట నుంచే వస్తుంది కాబట్టి పక్కనున్న గోడ మీద నారింజ రంగు పడాలి, నీడ అవతలి వైపుకి పోవాలి. గేముల కోసం గీసేవాళ్లు మొదటి ఫ్రేమ్‌లోనే కళ్లు చెదిరే తెలుపు పెడతారు. మంట చటుక్కున ఉబ్బుతుంది, పొగ మాత్రం తీరిగ్గా లేస్తుంది. ఇవన్నీ గమనించి గీసిన పిల్లవాడు ఫిజిక్స్ చదువుతున్నట్టే లెక్క.

ఇంకో సంగతి. పేలుడంటే మన కోనసీమకి ఆట కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పటికి మీలో చాలామంది బడిపిల్లలే. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గేములో పేలుడు అయిపోగానే తెర మళ్లీ శుభ్రంగా ఉంటుంది. అక్కడ మాడిపోయిన కొబ్బరిచెట్లు, ఇళ్లు మిగిలాయి. అందుకే బొమ్మ చూసి, "తర్వాత అక్కడ ఏం మిగిలింది నాన్నా? అది కూడా గీయి" అనండి. మందలింపు కన్నా ఆ ప్రశ్నే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

పరీక్షలు దగ్గరపడితే ముందు పోయేది డ్రాయింగ్ పీరియడే. పేరెంట్స్ మీటింగుల్లో మీలో కొందరు అడిగేదీ అదే. రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఒక కుర్రాడి బొమ్మలు చూసి బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివేలా చూశారు. ఆ కుర్రాడే దామెర్ల రామారావు. 1925లో, ముప్పై నిండకుండానే పోయారు. ఆయన చిత్రాలు రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయి, ఒక ఆదివారం తీసుకెళ్లండి. ర్యాంకుల సంగతేమిటంటారా? డిజైన్ డిగ్రీ కోసం ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ పరీక్షలో బొమ్మ గీసే ప్రశ్న కూడా ఉంటుంది.

వచ్చే భోగికి పిల్లల్ని మంటకి కాస్త దూరంగా నిలబెట్టి, నడుమ ఏ రంగు, అంచున ఏ రంగు, ఎదురింటి గోడ మీద ఏ రంగు పడుతోందో చూడమనండి. ఇంట్లోకి రాగానే కలర్ పెన్సిళ్లు చేతికివ్వండి.