సముద్రం చూడకుండా కట్టే డబ్బు

నర్సీపట్నం నుంచి కాశీకో షిరిడీకో యాత్రలు వేసే ఏజెంట్లే ఇప్పుడు అండమాన్, థాయిలాండ్ ప్యాకేజీలూ అమ్ముతున్నారు. కరపత్రం ఎవరిదైనా వరస ఒక్కటే. ఐదు రాత్రులు, ఆరు పగళ్లు, పొద్దున టిఫిను, రాత్రి భోజనం, ఏసీ కారు. కింద రెండు గడులు. ‘ఇంక్లూడెడ్’ గడిలో సెల్యులార్ జైలు, లైట్ అండ్ సౌండ్ షో, మ్యూజియాలు, రాధానగర్ బీచ్ ఉంటాయి. ‘ఎక్స్‌ట్రా’ గడిలో స్నార్కెలింగ్, గ్లాస్ బాటమ్ బోటు, సీ వాక్, స్కూబా. అంటే నీళ్ల కింది పగడపు దిబ్బల్ని చూపించేవన్నీ ఆ రెండో గడిలోనే. ఇంట్లో తగువూ అక్కడే మొదలవుతుంది. “ఇంత పోసి వెళ్తూ మళ్లీ ఎక్స్‌ట్రాలేంటి? అన్నీ కలిపి ఇచ్చేవాణ్ణి చూడు” అంటారు పెద్దవాళ్లు. “అంత దూరం వెళ్లి కోరల్స్ చూడకుండా వచ్చేస్తామా?” అంటారు పిల్లలు.

పెద్దవాళ్ల లెక్క పైకి సరిగ్గానే కనిపిస్తుంది. కానీ ఆ మొదటి గడిలోకి ఏవి ఎక్కుతాయో ఒకసారి చూడాలి. జైలు టికెట్టు పదుల రూపాయల్లో ఉంటుంది. బీచ్‌కి టికెట్టే లేదు. మ్యూజియాలు ఊళ్లోనే, హోటల్‌కి దగ్గర్లోనే. వానొచ్చినా గాలొచ్చినా పెద్దగా ఆగనివి, ఏజెంటుకి చేతి ఖర్చు తక్కువైనవి, ఒకే కారులో ఒకే పూటలో చుట్టబెట్టగలిగినవి అక్కడ చేరతాయి. అలాంటివి పది రాస్తే గడి నిండుగా కనిపిస్తుంది. ‘మావి పన్నెండు ప్లేసులు, వాళ్లవి ఎనిమిదే’ అని పోటీ పెట్టుకోవడానికీ పనికొస్తుంది. ఇందులో మోసమేమీ లేదు, వ్యాపారం అంతే. ప్లేసుల సంఖ్య చూసి ప్యాకేజీ ఎంచుకునే మనదే అమాయకత్వం.

నార్త్ బే సంగతే చూడండి. పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లు, సముద్రం, దూరంగా లైట్‌హౌస్ ఉన్న బొమ్మ గుర్తుందా? అది ఈ నార్త్ బే బొమ్మే. పోర్ట్ బ్లెయిర్ (2024 సెప్టెంబరు నుంచి దాని పేరు శ్రీ విజయపురం) అబెర్డీన్ జెట్టీలో బోటెక్కితే రాస్ ఐలాండ్, నార్త్ బే రెండూ ఒకే ట్రిప్పులో చూపిస్తారు. రాస్ ఐలాండ్‌కి 2018 డిసెంబరులో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అని పేరు మార్చారు. చాలా ప్యాకేజీల్లో ఈ బోటు ‘ఇంక్లూడెడ్’. దాని కింద ‘కోరల్ ఐలాండ్’ అని రాసి కూడా ఉంటుంది. తీరా నార్త్ బేలో దిగాక తెలుస్తుంది, కలిపి ఇచ్చింది ఒడ్డు వరకేనని. కోరల్ కావాలంటే గ్లాస్ బాటమ్ బోటుకి ఒక రేటు, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని అడుగున నడిచే సీ వాక్‌కి ఒక రేటు, కూర్చుని చూసే సెమీ సబ్‌మెరైన్‌కి ఇంకో రేటు. బోటు తిరిగి బయల్దేరే టైము దగ్గర పడుతుంటుంది, పిల్లలు చెయ్యి పట్టుకు లాగుతుంటారు. బేరమాడే ఓపిక ఎవరికీ ఉండదు. నలుగురున్న ఇల్లు అక్కడ ఒక్క గంటలో పెట్టే డబ్బు, ఇంటి దగ్గర తగువులాడి మిగుల్చుకున్నదాని కంటే ఎక్కువే అవుతుంది. పైగా నార్త్ బే రేవుకి ఆనుకున్న చోటు. బోట్ల రద్దీ, కలక నీళ్లు. అండమాన్ పగడాల్లో మొదటి వరసలో నిలబెట్టాల్సిన చోటు కాదు.

థాయిలాండ్‌లోనూ ఇదే కథ. 2023 నవంబరు నుంచి మనవాళ్లకి వీసా అక్కర్లేకపోవడం, 2024లో విశాఖ నుంచి బ్యాంకాక్‌కి నేరుగా విమానం రావడంతో పట్టాయా మన జిల్లాకి దగ్గరైపోయింది. ప్రతి పట్టాయా ప్యాకేజీలోనూ ‘స్పీడ్ బోటులో కోరల్ ఐలాండ్, ఇండియన్ లంచ్’ ఉండి తీరుతుంది. ఆ ద్వీపం పేరు కో లాన్. వెళ్లినవాళ్లు చెప్పే కథల్లో పారాసెయిలింగ్ ఉంటుంది, బనానా బోటు ఉంటుంది, లంచ్‌లో పప్పు ఎలా ఉందో కూడా ఉంటుంది. కోరల్ మాత్రం చాలామంది కథల్లో ఉండదు.

మరైతే ఎక్స్‌ట్రాలన్నీ ఇక్కడే, ముందుగానే కట్టేస్తే పోలేదా? ఏజెంట్లు ఇచ్చే సలహా అదే. ‘ముందే బుక్ చేస్తే డిస్కౌంట్’ అంటారు. అసలు చిక్కు ఇందులోనే ఉంది. దీని గురించి నర్సీపట్నం వాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, లంబసింగి మన ఎదురుగానే ఉంది.

డిసెంబరు, జనవరిల్లో హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి వచ్చే బస్సులు నర్సీపట్నం మీదుగానే ఘాట్ ఎక్కుతాయి. టిఫిన్లు చేసి తీరిగ్గా తొమ్మిదింటికి బయల్దేరిన బస్సు పైకి చేరేసరికి మంచు కరిగిపోయి మామూలు ఎండ కాస్తుంటుంది. వాళ్లూ డబ్బు కట్టారు, వాళ్లూ లంబసింగి చూశారు. చెరువులవేనం మీద మేఘాలు పరుచుకోవడం చూసినవాళ్లు మాత్రం తెల్లవారుజామున చీకట్లో కొండెక్కినవాళ్లు, అదీ ఆ రోజు మంచు పట్టిందో లేదో ముందు కనుక్కుని. ఊరివాళ్లెవరూ పదిహేను రోజుల ముందు తేదీ రాసిపెట్టుకుని మంచు చూడ్డానికి వెళ్లరు. పగడాలదీ ఇదే బాపతు. సముద్రం నిమ్మళంగా ఉండాలి, నీళ్లు తేటగా ఉండాలి, ఎండ పైనుంచి లోపలికి దిగాలి. ఈ మూడూ కుదిరిన పూట బోటు అద్దం లోంచి చూస్తే చాలు, రంగులు కనిపిస్తాయి. కుదరని పూట వేలు పోసి లోపలికి దిగినా పచ్చటి మసకే. ముందే కట్టేసిన ప్యాకేజీలో ఆ పూట ఎలా ఉన్నా ట్రిప్పు అయిపోయినట్టే లెక్క. బోట్లు ఆపేస్తే ‘వాతావరణం మా చేతిలో లేదు’ అన్న వాక్యం కరపత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఎలాగూ ఉంటుంది. అంటే సముద్రం బాగోకపోతే నష్టం ఏజెంటుది కాదు, మనది. అక్కడికి చేరాక ఆ పొద్దున నీళ్లు చూసి కట్టేవాడికి ఆ నష్టం లేదు. రెండు మూడు వందలు ఎక్కువైనా అదే చవక.

సీజన్ లెక్కా ముందు వేసుకోవాలి. మన ఇళ్లలో దూర ప్రయాణాలు దసరాకి, సంక్రాంతికి, లేదంటే పరీక్షలయ్యాక వేసవిలో. అండమాన్ నీళ్లు తేటగా ఉండేది సుమారుగా డిసెంబరు చివర నుంచి ఏప్రిల్ దాకా. దసరాకి ఇంకా వానలు పోవు. మే నెల చివరికి నైరుతి ముంచుకొస్తుంది. పైగా మే అంటే పగడాలకి కష్టకాలం. పగడం చూడ్డానికి రాయిలా ఉంటుంది గానీ ప్రాణి. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు ఎండ పట్టి తిండి చేసి పెడుతుంది, రంగు కూడా చాలావరకు దాని చలవే. నీటి వేడి మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే చాలు, నాచు వెళ్లిపోయి పగడం తెల్లబోతుంది. అండమాన్‌లో 1998, 2010, 2016లలో ఇలా జరిగింది. 2010లో తెల్లబడ్డది సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే. 2024 ఏప్రిల్లో అమెరికా సముద్ర సంస్థ నోవా, ప్రపంచమంతా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని ప్రకటించింది. కాబట్టి ‘సమ్మర్ స్పెషల్ కోరల్ టూర్’ అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే కొంచెం ఆగి ఆలోచించాలి. సంక్రాంతి సెలవులు దీనికి నయం.

మన తీరంలోనే చూసుకోవచ్చు కదా అనేవాళ్లూ ఉన్నారు. మన అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర సముద్రంలో పగడపు జీవులున్నట్టు జూలాజికల్ సర్వే వాళ్లు గుర్తించారు. సంతోషమే. అయితే అవి రాళ్లకి అక్కడక్కడా అంటుకున్నవి. దేశంలో పెద్ద పగడపు దిబ్బలున్నవి కచ్ సింధుశాఖ, మన్నార్-పాక్ ప్రాంతం, లక్షద్వీప్, అండమాన్ నికోబార్. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు నీళ్లు మన తీరంలో దిబ్బలు పెరగనివ్వవు.

ఇక పగడాల కోసం విడిగా డబ్బు పెట్టదలిస్తే ఎక్కడ పెట్టాలి? ఒక్కచోటు చెప్పమంటే జాలీ బోయ్. పోర్ట్ బ్లెయిర్ నుంచి ముప్ఫై కిలోమీటర్ల లోపు వండూర్, అక్కణ్ణించి బోటులో గంట ప్రయాణం. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్‌లోని పదిహేను ద్వీపాల్లో ఇదొకటి. దీన్ని నవంబరు నుంచి మే నడిమి దాకానే తెరుస్తారు. మిగతా నెలల్లో పక్కనున్న రెడ్ స్కిన్ ద్వీపానికి పంపిస్తారు, జాలీ బోయ్‌కి విశ్రాంతి. రోజుకి ఇంతమందే అన్న పరిమితి ఉంది. అటవీ శాఖ అనుమతి ఉండాలి, ప్లాస్టిక్ సీసా లోపలికి రానివ్వరు. రాత్రి బసలు, జెట్ స్కీల గోల లేవు. హడావిడి ఇష్టపడేవాళ్లకి ఇది చప్పగా ఉంటుంది. తేలిగ్గా కారులో తీసుకెళ్లి తీసుకురావడం కుదరదు, రోజంతా పోతుంది, అందుకే చాలా ప్యాకేజీల మొదటి గడిలో దీని పేరుండదు. ఒక ఇబ్బంది ఉన్నమాట నిజం. సీజన్‌లో అనుమతులు త్వరగా అయిపోతాయి గనక ఇక్కడ మాత్రం సముద్రాన్ని చూసి కట్టే వీలు తక్కువ. అయినా అన్ని చోట్లా చిల్లర చిల్లరగా పెట్టేదంతా దీని మీద పెట్టడం మేలు.

హేవ్‌లాక్ (స్వరాజ్ ద్వీపం) వెళ్లేవాళ్లకి ఎలిఫెంట్ బీచ్ ఉంది. ఈత రానివాళ్లని కూడా లైఫ్ జాకెట్ వేసి, ట్యూబ్ పట్టించి గైడ్ లాక్కెళ్తాడు. పంచాయతీ కాలవలో ఈత నేర్చినవాళ్లు కూడా ఉప్పునీటి అలల్లో ట్యూబ్ వదలకపోవడమే మంచిది. కాళ్లు ఆనించడానికి పగడం మీద నిలబడొద్దని గైడ్ చెబితే వినాలి. గట్టి బండలా పెరిగే రకాలు ఏడాదికి ఓ సెంటీమీటరు పెరగడం గగనం. ఇలాంటి తొక్కుళ్లు తట్టుకోలేకే థాయిలాండ్ ప్రభుత్వం మాయా బే అనే చోటుని 2018 జూన్‌లో మూసేసి 2022 జనవరిలో గానీ తెరవలేదు. ఒడ్డున దొరికిన పగడం ముక్క బ్యాగులో వేసుకోవడమూ పనికిరాదు. దిబ్బలు కట్టే పగడాలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులికున్న రక్షణే వాటికీ ఉంది. విమానాశ్రయంలో స్కానర్ దాన్ని పట్టుకుంటుంది.

ఇంతా చెప్పాక, మొదటి గడిలో కూడా వదలకూడనిది ఒకటుంది. ‘జైలేం చూస్తాం, ఆ పూట ఇంకో బోటెక్కుదాం’ అని బేరం పెట్టే కుర్రాళ్లుంటారు. నర్సీపట్నం వాళ్లు మాత్రం ఆ బేరానికి ఒప్పుకోకూడదు. లంబసింగి మీదుగా చింతపల్లికి వెళ్లే ఘాట్ రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ మన్యం వాళ్లతో కూలి సరిగా ఇవ్వకుండా చేయించుకున్న వెట్టిచాకిరీ, 1922 తిరుగుబాటుకి దారితీసిన కారణాల్లో ఒకటి. ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడులు చేసింది. దళంలో ముఖ్యులైన గాం సోదరుల్లో మల్లుదొర 1923లో పట్టుబడ్డారు. యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడి అండమాన్ చేరారు. బతికి తిరిగొచ్చి 1952లో మొదటి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు కూడా. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ జైలుకి ఏడు కొమ్మలుండేవి, ఇప్పుడు మూడు మిగిలాయి. ఏజెంటుకి అది చవగ్గా వచ్చే ఐటమ్. కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి ముందు నిలబడ్డ పిల్లలకి ఆ కథలో రెండో సగం అక్కడుంది. లైట్ అండ్ సౌండ్ షో తప్పిపోయినా పరవాలేదు, పగలు గదుల వెంట ఒక గంట నడవాలి.

మరి ఏజెంటుతో ఏం మాట్లాడాలి? పన్నెండు ప్లేసుల్లో షాపింగ్ ఎంపోరియం, మూడో మ్యూజియం లాంటివి తీసెయ్యమనాలి. వాటి బదులు డబ్బు తగ్గించమంటే తగ్గించడు, రోజు ఖాళీ ఇమ్మంటే ఇస్తాడు. ఆ ఖాళీ రోజే సముద్రానిది. ఎవరిని అడగాలన్న బెంగ అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాల్లో నూటికి దాదాపు పదమూడు మంది తెలుగువాళ్లు. శ్రీకాకుళం నుంచి వెళ్లి స్థిరపడ్డ మత్స్యకారులు అక్కడ బోలెడుమంది. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ రేవు దగ్గర “నీళ్లెలా ఉన్నాయి బాబూ?” అని తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబొస్తుంది. ఆ జవాబు బాగుంటే ఎలిఫెంట్ బీచ్‌కో మరో చోటికో కట్టండి, బాగోలేదంటే ఆ రోజు ఒడ్డున కూర్చుని చేపల పులుసు తినండి.

తేదీలు వేసుకునేటప్పుడు రెండు చూసుకోవాలి. జాలీ బోయ్‌కి సోమవారం సెలవు, జైలుకీ మామూలుగా సోమవారమే సెలవు, కాబట్టి సోమవారాన్ని ప్రయాణంలో పడేలా పెట్టుకుంటే ఒక రోజు మిగులుతుంది. స్కూబా చేసేవాళ్లు దాన్ని చివరి సాయంత్రానికి వాయిదా వెయ్యకూడదు. నీళ్ల లోపలి ఒత్తిడి నుంచి వచ్చిన ఒంటికి విమానం ఎక్కే ముందు కనీసం పన్నెండు నుంచి పద్దెనిమిది గంటల వ్యవధి కావాలి. పొద్దున్నే చెన్నై విమానం పట్టుకోవాల్సినవాళ్లు ముందు రోజు మధ్యాహ్నానికల్లా నీళ్లలోంచి బయటికి రావాలి.