అనకాపల్లి: అందరి కళ్లూ టెన్త్ మీదే.. మరి 6, 7, 8 తరగతుల పిల్లల సంగతేంటి?

సంక్రాంతి సెలవులు అయిపోయాయి. బడి గంట మళ్లీ మోగింది. అనకాపల్లి జిల్లాలోని హైస్కూళ్లలో ఇప్పుడు ఎక్కడ చూసినా ఒకటే మాట.. టెన్త్! మార్చి 16 నుంచి పబ్లిక్ పరీక్షలు. 100 రోజుల ప్రణాళిక, స్టడీ అవర్లు, స్లిప్ టెస్టులు.. అంతా హడావిడే. అందులో తప్పేం లేదు. కానీ అదే బడిలో, అదే టీచర్ల దగ్గర చదువుతున్న 6, 7, 8 తరగతుల పిల్లలను ఈ చివరి మూడు నెలలు ఎవరు పట్టించుకుంటారు?

చేతిలో ఉన్నది మూడు నెలలు కాదు.. ఎనిమిది వారాలే!

ఈ విద్యా సంవత్సరం 2025 జూన్ 12న మొదలైంది. సగానికి పైగా గడిచిపోయింది. డిసెంబరు 5న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ కూడా జరిగింది. పిల్లలు ఎలా చదువుతున్నారో అప్పుడే తల్లిదండ్రులకు చెప్పారు. ఇక వేసవి సెలవులు ఏప్రిల్ నాలుగో వారంలో.

అంటే కాగితం మీద మూడు నెలల టైమ్ ఉంది. కానీ లెక్క వేసి చూస్తే అంత లేదు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు వచ్చేస్తాయి. టెన్త్ పరీక్షా కేంద్రాలుగా ఉన్న హైస్కూళ్లలో పరీక్ష రోజుల్లో మిగతా తరగతులు నడవవు. ఆ రోజులకు బదులు సెలవు రోజుల్లో బడి పెట్టాలి. టీచర్లకు ఇన్విజిలేషన్ డ్యూటీలు పడతాయి. అది అయ్యాక స్పాట్ వాల్యుయేషన్.

దీనికి తోడు అనకాపల్లికి తన సొంత క్యాలెండర్ కూడా ఉంది. ఇది చెరకు నరికే, బెల్లం వండే కాలం. పెద్దవాళ్లు తెల్లవారకముందే పొలానికో, గానుగ దగ్గరికో వెళ్లిపోయే ఇళ్లల్లో చిన్నవాళ్లను చూసుకునే పని 12, 13 ఏళ్ల పిల్లల మీదే పడుతుంది. ఇక ఉగాదికి ముందు కొత్త అమావాస్యతో నూకాంబిక అమ్మవారి జాతర మొదలవుతుంది. నెల రోజులు ఊరంతా సందడే. ఇవన్నీ తీసేస్తే 6, 7, 8 తరగతులకు గట్టిగా పాఠం జరిగేది ఇప్పటి నుంచి మార్చి మధ్య వరకే. అంటే సుమారు ఎనిమిది వారాలు.

హాజరు ఉంది కదా.. ఇంకేం భయం?

'తల్లికి వందనం' పథకానికి 75 శాతం హాజరు నిబంధన ఉంది. దాంతో చాలామంది తల్లిదండ్రులు 75 శాతం దాటితే చాలనుకుంటున్నారు. ఒక్కసారి లెక్క చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం 6, 7, 8 తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు ఉండాలి. 75 శాతం అంటే 165 రోజులు. అంటే ఓ పిల్లాడు 55 రోజులు బడి మానేసినా నిబంధన దాటినట్టే! ఆ 55 రోజుల్లో భిన్నాలు, దశాంశాలు పోతే పథకం డబ్బు వస్తుంది కానీ పోయిన పాఠం రాదు.

గ్రేడ్ ఒకటి.. వచ్చిన చదువు ఇంకొకటి

ప్రోగ్రెస్ కార్డులో B1, B2 కనిపిస్తే చాలా ఇళ్లల్లో పర్లేదులే అనుకుంటారు. కానీ ఫార్మేటివ్ మార్కుల్లో రాత పరీక్షతో పాటు నోటు పుస్తకం, ప్రాజెక్టు, తరగతిలో పాల్గొనడం వంటివి కూడా కలుస్తాయి. అవి అవసరమే. కాకపోతే ఆ గ్రేడ్ చూసి పిల్లకు భాగహారం వచ్చో రాదో చెప్పలేం.

దేశం మొత్తం మీద పరిస్థితి ఇలాగే ఉందని రెండు సర్వేలు చెప్పాయి. గ్రామీణ భారతంలో చేసిన అసర్ 2024 సర్వే ప్రకారం 8వ తరగతి పిల్లల్లో మామూలు భాగహారం చేయగలిగినవాళ్లు 45.8 శాతమే. ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి చదువుతున్నవాళ్లలో రెండో తరగతి పాఠం చదవగలిగింది 67.5 శాతం. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు తడబడుతున్నారు.

2024 డిసెంబరు 4న కేంద్రం చేసిన పరఖ్ సర్వే 3, 6, 9 తరగతుల పిల్లలను పరీక్షించింది. అందులో 6వ తరగతి పిల్లల్లో 10 వరకు ఎక్కాలు వచ్చినవాళ్లు 53 శాతం. సగం, పావు, ముప్పావు లాంటి భిన్నాలను పోల్చి చెప్పగలిగినవాళ్లు 29 శాతమే! ఇవి దేశం మొత్తానికి సంబంధించిన అంకెలు. ఒక్క అనకాపల్లివి కావు. కానీ మన పిల్లాడు ఆ 29 మందిలో ఉన్నాడా, మిగతా 71 మందిలో ఉన్నాడా అన్నది ఇంట్లోనే తెలుసుకోవచ్చు.

పావు కిలో బెల్లం తెలుసు.. 1/4 అంటే తెల్లముఖం!

విచిత్రం ఏంటంటే బెల్లం మార్కెట్ ఉన్న ఊళ్లో పిల్లలకు భిన్నాలు కొత్త కాదు. కిలో బెల్లం ధర చెప్పి పావు కిలో ఎంత అని అడిగితే ఏడో తరగతి పిల్ల నోటితోనే చెప్పేస్తుంది. అదే లెక్కను ఇంగ్లిష్‌లో 'వన్ బై ఫోర్' అని బోర్డు మీద రాస్తే ఆగిపోతుంది. అంటే పిల్లకు తెలివి లేక కాదు. ఇంటి లెక్కకూ బడి లెక్కకూ మధ్య వంతెన లేదు, అంతే.

ఆ వంతెన పిల్లల సంచిలోనే ఉంది. ప్రభుత్వం ఇచ్చే పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు. పరీక్ష ఇంగ్లిష్‌లో కదా అని తెలుగు పేజీ వదిలేస్తే నష్టపోయేది పిల్లలే. ముందు తెలుగులో అర్థం చేసుకుని తర్వాత ఇంగ్లిష్‌లో రాయడం తప్పేం కాదు.

ఆపరు సరే.. కానీ భారం ఎక్కడ పడుతుంది?

8వ తరగతి వరకు ఎవర్నీ ఫెయిల్ చేయొద్దని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. ఫెయిలైతే పేద పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు బడి మానేస్తారన్న భయం నిజమే. 2019 సవరణతో 5, 8 తరగతుల్లో ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాల ఇష్టానికి వదిలారు. ఆపినా ఆపకపోయినా అసలు సమస్య వేరే ఉంది. 6లో రాని భాగహారం 7లో ఎవరూ మళ్లీ చెప్పరు. 8లో సిలబస్ పరుగు. అలా దాచిన బాకీ అంతా టెన్త్‌లో ఒక్కసారిగా బయటపడుతుంది. 2025లో రాష్ట్రంలో టెన్త్ ఉత్తీర్ణత 81.14 శాతం. అంటే వందలో దాదాపు 19 మంది తప్పారు. అంత పెద్ద బాకీ 100 రోజుల ప్రణాళికతో తీరేది కాదు.

టీచర్ల ఇబ్బందీ చిన్నది కాదు. చాలా హైస్కూళ్లలో ఏడో తరగతికి లెక్కలు చెప్పే టీచరే టెన్త్‌కూ చెప్పాలి. ఏడో తరగతికి అదనంగా ఓ గంట ఇస్తే టెన్త్‌లో ఓ గంట తగ్గుతుంది. రేపు ఫలితాలు వచ్చాక అధికారులు అడిగేది టెన్త్ గురించే. అందుకే ఈ భారం టీచర్ మీదే వేస్తే కుదరదు. రోజుకు ఒక పీరియడ్ 6, 7, 8 తరగతుల్లో వెనకబడినవాళ్లకే అని హెడ్మాస్టర్ టైమ్ టేబుల్‌లో రాసిపెట్టాలి. దాన్ని టెన్త్ కోసం లాగేసుకోకుండా విద్యా కమిటీ కాపాడాలి.

ఇంట్లో పది నిమిషాలు చాలు

ఈ ఆదివారం పిల్లలను కూర్చోబెట్టి నాలుగు పనులు చేయించండి. తెలుగు పుస్తకంలో ఒక పేజీ చదివి సొంత మాటల్లో చెప్పమనండి. 7, 8 ఎక్కాలు అడగండి. 845ని 6తో భాగించమనండి. సగం పెద్దదా, మూడో వంతు పెద్దదా అని అడగండి. మీకు చదువు రాకపోతే పక్కింటి ఇంటర్ పిల్లను కూర్చోబెట్టండి. రాకపోతే కొట్టొద్దు, తిట్టొద్దు. ఎక్కడ ఆగిపోయారో రాసుకుని వెళ్లి టీచర్‌ను అడగండి. "మా వాడికి ఎన్ని మార్కులొచ్చాయి?" అని కాదు.. "మా వాడికి భాగహారం రావట్లేదు, ఏం చేద్దాం మేడమ్?" అని అడగండి. ఆ ప్రశ్నకు టీచర్ దగ్గర ఏదో ఒక దారి ఉంటుంది.

ఇప్పుడు ఏడో తరగతిలో ఉన్న పిల్ల 2029 మార్చిలో టెన్త్ రాస్తుంది. అప్పటి ఫలితం కోసం అప్పుడు పరుగులు పెట్టడం కంటే, ఈ ఎనిమిది వారాల్లో ఆగిపోయిన ఒక్క లెక్క నేర్పించడం తేలిక.